ఆరు గుక్కల వైన్, 129 యూరోల బిల్లు

జర్మనీలో సైడర్ (ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే మద్యం), వైన్, బీరు మూడూ తక్కువ ఖర్చులో రుచి చూడాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. ‘టేస్టింగ్’ అని బోర్డు పెట్టి టికెట్టు అమ్మే చోటికి వెళ్లకండి. ఊళ్లోవాళ్లు పని దిగాక ఎక్కడ తాగుతున్నారో చూసి అక్కడికి వెళ్లండి. ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానో వుర్జ్‌బర్గ్ దగ్గరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మేము నలుగురం. నేను, డార్మ్‌స్టాట్‌లో చదువుకుంటున్న ఏలూరు కుర్రాడు, జనగామ మిత్రుడు, అతని భార్య. ఆమెను నేను వదిన అని పిలుస్తాను. వదిన మద్యం ముట్టదు. అందుకే ఉమ్మడి డబ్బు, లెక్కల పుస్తకం రెండూ ఆమెకే అప్పగించాం. కింద రాసిన ధరలన్నీ ఆ పుస్తకంలోవే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో సైడర్, వుర్జ్‌బర్గ్‌లో వైన్, బాంబెర్గ్‌లో బీరు. మూడు ఊళ్లనూ ప్రాంతీయ రైళ్లు కలుపుతాయి. డాయ్చ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్రాంతీయ రైళ్లు ఎక్కనిచ్చే నెల పాసు, 2025లో 58 యూరోలు) అందరి దగ్గరా ఉంది కాబట్టి రైలు కోసం వేరే ఖర్చు లేదు. ఆ టికెట్టుతో ఐసీఈ వంటి వేగపు రైళ్లు ఎక్కకూడదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వుర్జ్‌బర్గ్‌కు సుమారు రెండు గంటలు, అక్కడి నుంచి బాంబెర్గ్‌కు గంట. సెప్టెంబరు చివర కావడంతో ఎండ కూడా హాయిగా ఉంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో గది తీసుకోలేదు. అక్కడ వాణిజ్య ప్రదర్శనలు జరిగే రోజుల్లో హోటళ్ల ధరలు మండిపోతాయి. ఏలూరు కుర్రాడి గదిలో నేల మీద పడుకున్నాం, ఖర్చు సున్నా. అతని నడుము నొప్పి గురించిన ఫిర్యాదులు మాత్రం మరునాడు రైల్లో రెండు గంటలూ ఉచితంగా విన్నాం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న సాయంత్రం ఆ ఊళ్లోని జాక్సెన్‌హౌజెన్ పేటకు వెళ్లాం. నది ఒడ్డున ఉన్న పాత వీధుల్లో పర్యాటకుల సందడి, పెద్ద పాటలు ఎక్కువ. కొంచెం లోపలికి నడిచి ష్వైజర్ వీధికి వెళితే పొడవాటి చెక్క బల్లలున్న పాత సైడర్ ఇళ్లు కనిపిస్తాయి. తెలియనివాళ్ల పక్కనే సర్దుకుని కూర్చోవాలి. సైడర్‌ను ఇక్కడ ఆప్ఫెల్‌వైన్ అంటారు. అందులో తీపి ఉండదు, పులుపే. ముఖం చిట్లించకుండా మొదటి గుక్క తాగినవాడు మాలో ఒక్కడూ లేడు. గళ్లు చెక్కిన 300 మిల్లీలీటర్ల గ్లాసు 3 యూరోలు. నలుగురైదుగురు ఉంటే నీలి పువ్వులు వేసిన బూడిదరంగు మట్టి కూజా తెప్పించుకోవడం నయం. పులుపు పడనివాళ్లు సోడా కలిపి ఇమ్మనవచ్చు. నిమ్మ సోడా కలిపి ఇమ్మంటే ఇస్తారు గానీ, మాకు వడ్డించిన పెద్దాయన చూపులోనే సగం మత్తు దిగిపోయింది. ఏడు రకాల ఆకులతో చేసే ఆకుపచ్చ సాస్‌ను ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలతో ఇస్తారు. మాంసం తిననివాళ్లకు అది చాలు. చేతిలో నగదు ఉంచుకోండి, కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి.

ఇక వుర్జ్‌బర్గ్. నేలమాళిగలో ఒక దుకాణం. పేరు రాయను. ‘ఆరు ఫ్రాంకోనియా వైన్లు, ఇంగ్లీషులో వివరణ, మనిషికి 29 యూరోలు’ అని ముందే బుక్ చేసుకున్నాం. ఫ్రాంకోనియా అంటే ఈ ప్రాంతమే. వెళ్లాక వివరణ జర్మన్‌లోనే అన్నారు. ఏలూరు కుర్రాడు అనువాదకుడి అవతారం ఎత్తాడు. ఆ పెద్దమనిషి చిన్న స్టీలు కొలతపాత్రలో నింపి, కాంతికి ఎత్తి చూసి, ఒక్క చుక్క కూడా ఎక్కువ పోకుండా గ్లాసులో వంచాడు. 50 మిల్లీలీటర్లు. ఆరు వైన్లూ కలిపితే 300. రెండో వైన్ పోస్తూనే ఆర్డరు కాగితం, పెన్ను మా ముందుకు జరిపాడు. తాగను అని వదిన ముందే చెప్పినా ఆమెకూ పూర్తి టికెట్టే. కనీసం ద్రాక్షరసం ఇవ్వమంటే లేదన్నాడు. నీళ్లు అడిగితే రెండు సీసాలు పెట్టాడు, ఒక్కొక్కటి 6.50. మొత్తం 129 యూరోలు. సీసాలేవీ కొనడం లేదని తెలిశాక వీడ్కోలు కూడా చెప్పలేదు. మెట్లెక్కి పైకి వచ్చేదాకా జనగామ మిత్రుడు ఒక్క మాట మాట్లాడలేదు. వదిన మాత్రం పుస్తకం తీసి ‘129’ రాసి, దాని కింద రెండు గీతలు కొట్టింది.

అక్కడికి పది నిమిషాల నడకలో పాత మైన్ వంతెన ఉంది. రెండు వైపులా రాతి సాధువుల విగ్రహాలు, ఎదురుగా కొండ మీద మరియన్‌బెర్గ్ కోట. వంతెన మొదట్లో కిటికీ దగ్గర గ్లాసు వైన్ కొనుక్కుని, గోడకు ఆనుకుని నిలబడి తాగడం ఇక్కడి అలవాటు. విద్యార్థులు, ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు, ముసలి దంపతులు, అందరూ అక్కడే. 200 మిల్లీలీటర్ల సిల్వానర్ (ఇక్కడి తెల్ల వైన్) 6 యూరోలు. గ్లాసుకు 5 యూరోల డిపాజిట్ కట్టించుకుని, తిరిగి ఇవ్వగానే వాపసు ఇచ్చారు. నేలమాళిగలో మనిషికి పెట్టిన 29 యూరోలతో ఇక్కడ దాదాపు లీటరు వచ్చేది. సిల్వానర్‌లో పండ్ల వాసన తక్కువ, తీపి లేదు, నాలుకకు శుభ్రంగా తగులుతుంది. స్టేషన్ వెనక ఏటవాలు కొండ నిండా కనిపించే తోటల పేరు వుర్జ్‌బర్గర్ స్టైన్. ఊళ్లోని యూలియుస్‌ష్పిటాల్ 1576లో మొదలైన ఆసుపత్రి. వైద్యానికి నిధుల కోసం ద్రాక్షతోటలు ఇచ్చారు, ఇప్పటికీ సొంత వైన్ చేస్తుంది. మాలో జ్ఞానం ఉన్నవాళ్లు ముందు అక్కడి వైన్ గది ఎక్కడో అడిగి ఉండేవాళ్లు అని మిత్రుడు సణిగాడు.

ఆ రోజును నిలబెట్టింది సూపర్‌మార్కెట్‌లో 3.99కి దొరికిన సీసా. ఫెడర్‌వైజర్, ఈ ప్రాంతంలో బ్రెమ్‌జర్ అని కూడా అంటారు. కొత్త ద్రాక్షరసం ఇంకా పులుస్తూ ఉండగానే అమ్మేస్తారు. మూత బిగించరు, గ్యాసు పోవాలి. అందుకే బిల్లు కొట్టే అమ్మాయి ‘పడుకోబెట్టకండి’ అని చేత్తో చూపించి మరీ చెప్పింది. నది ఒడ్డున గడ్డిలో కూర్చుని కాగితపు కప్పుల్లో పోశాం. తెల్లగా మబ్బు పట్టినట్టుంది, అంచుల్లో సన్నగా నురగ కడుతోంది. వదిన కప్పు అందుకుని వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, “ఇది పొద్దున దింపి మధ్యాహ్నం దాకా లొట్టిలో ఉంచిన కల్లు” అని తేల్చేసింది. వాళ్ల నాన్న మోకు కట్టుకుని తాళ్లెక్కిన మనిషి. “సాయంత్రానికి పులుపెక్కుతుంది, రేపటికి దాచొద్దు” అని కూడా చెప్పింది. నిజమే, రాత్రి మిగిలిన సగానికి తీపి తగ్గింది. 129 యూరోల నిపుణుడి దగ్గర తెలియని సంగతి చుక్క తాగని వదిన దగ్గర తెలిసింది. తోడుగా అమ్మే ఉల్లిపాయ కేకులో సాధారణంగా పంది మాంసం ముక్కలుంటాయి, తిననివాళ్లు అడిగి కొనండి.

బాంబెర్గ్‌లో అద్దెకు తీసుకున్న ఫ్లాటు 96 యూరోలు. శుభ్రం చేసినందుకు ఇంకో 45 అన్నది అచ్చులో చిన్న అక్షరాల్లో ఉంది. స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచే దారిలోనే, ఒకే వీధిలో ఎదురెదురుగా ష్పెట్సియాల్, ఫెస్లా అనే రెండు పాత బ్రూవరీలు (బీరు కాచే ఇళ్లు) ఉన్నాయి, రెండింటికీ గదులున్నాయి. అక్కడ ప్రయత్నించండి.

పొగ బీరు ఈ ఊరి ప్రత్యేకత. మొలకెత్తిన బార్లీని బీచ్ అనే చెట్టు కట్టెల పొగ మీద ఆరబెడతారు కాబట్టి ఆ వాసన బీరులోకి దిగుతుంది. ష్లెంకర్లా అనే బ్రూవరీలో చెక్క పీపా నుంచి నేరుగా పట్టిస్తారు, మేము వెళ్లినప్పుడు అర లీటరు 4 యూరోల లోపే. మొదటి గ్లాసు నచ్చదు, మూడో గ్లాసుకు వదలబుద్ధి కాదు అంటారు స్థానికులు. ఏలూరు కుర్రాడు రెండో గ్లాసుకే లొంగిపోయాడు. మిత్రుడు ఒకటితో ఆపేసి, పొగ తక్కువగా ఉండే ష్పెట్సియాల్‌కు నడిపించాడు. నా ఓటూ దానికే.

కానీ నేను మళ్లీ వెళ్లేది కొండ మీది కెల్లర్ కోసం. పూర్వం బీరును చల్లగా ఉంచడానికి కొండ తొలిచి గదులు కట్టి, పైన నీడకు చెట్లు నాటారు. ఆ చెట్ల కింద బల్లలే ఇప్పటి కెల్లర్. 1812లో బవేరియా రాజు, మ్యూనిక్ బ్రూవరీలు తమ గోదాముల దగ్గర బీరు, రొట్టె అమ్ముకోవచ్చు గానీ వేరే భోజనం అమ్మకూడదన్నాడు. దాంతో జనం ఇంటి నుంచి తిండి తెచ్చుకోవడం మొదలుపెట్టారు, ఆ అలవాటు చాలాచోట్ల నిలిచింది. మేము వెళ్లిన చోట అడిగితే “బీరు మా దగ్గర కొంటే చాలు” అన్నారు. వదిన పొద్దున్నే కలిపిన పులిహోర, సంచీలో మిగిలిన చేగోడీలు బల్ల మీదికి వచ్చాయి. మా ముగ్గురికీ బీర్లు, వదినకు ఆపిల్ రసం సోడా కలిపి 27.40 యూరోలు. మూడు గంటలు కూర్చున్నా లేవమని ఎవరూ అనలేదు. గుడ్డ పరిచిన బల్లల మీద మాత్రం సొంత తిండి విప్పకండి, అవి వడ్డన బల్లలు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, స్టేషన్లో తెరిచి ఉన్నవాటిలో ధరలు ఎక్కువ. కాబట్టి కెల్లర్‌కు కావలసినవన్నీ శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోండి.