నాలుగేళ్ల పూల్ కంచె: మెష్‌తో పేచీ లేదు, గేటుతోనే

మా పెరట్లో ఈత కొలను (పూల్) చుట్టూ, పిల్లాడు నీళ్ల దాకా వెళ్లకుండా వేసిన ఈ కంచె గురించి మొదటి రెండేళ్లు ఎవరడిగినా ఒకటే మాట చెప్పేవాణ్ణి: "గేటు వదిలేస్తే చాలు, దానంతట అదే మూసుకుంటుంది." ఇప్పుడు ఆ మాట అంత ధీమాగా అనలేను. కంచె పనికిరాదని కాదు. నాలుగేళ్ల తర్వాత కూడా నిలబడే ఉంది. ఆదా చేయాలని నేను చూసిన చోటే తప్పు.

మాది అల్యూమినియం పోల్స్ మధ్య మెష్ (వల లాంటి గట్టి బట్ట) లాగి బిగించే రకం. ఎత్తు, సందుల లెక్కలు కొనేముందు అందరూ చదివేవే కాబట్టి వాటి జోలికి పోను. నేనూ మా బావమరిదీ అద్దె డ్రిల్‌తో నేలకు రంధ్రాలు వేసి, రెండు రోజుల్లో నిలబెట్టేశాం. ఇంటి గోడనే నాలుగో వైపుగా వదిలేస్తే కొంత డబ్బు మిగులుతుందనుకున్నాను. "ఆ గోడకే కదా వెనక తలుపుంది, పిల్లాడు అది తీసుకుని వస్తే?" అంది మా ఆవిడ. నాలుగు వైపులా వేశాం. అక్కడ ఖర్చు పెరిగేసరికి, ఆ లోటు గేటు దగ్గర పూడ్చుకుందామనుకున్నాను. కిట్‌తో వచ్చే గేటు వద్దని, ఫ్రేము విడిగా చేయించి, మామూలు ఇనుప స్ప్రింగు బందులు పెట్టించాను. గడియ మాత్రం మంచిదే కొన్నాను. అయస్కాంతంతో పట్టుకునే రకం అది. దాని పైనున్న పిడి నేలకు 54 అంగుళాల ఎత్తులో ఉంటుంది, దాన్ని పైకి లాగితేనే గేటు తెరుచుకుంటుంది. గేటు కూడా పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకునేలా పెట్టాం. చంటిపిల్లలు దేన్నైనా ముందు తోస్తారు కదా, తోస్తే ఇంకా గట్టిగా మూసుకోవాలని.

మూసుకునేటప్పుడు 'టక్' మనేది. ఇంట్లో ఏ గదిలో ఉన్నా వినపడేది. ఆ చప్పుడు వింటే నాకు హాయి. మా అమ్మకు మాత్రం చిరాకు, మధ్యాహ్నం నిద్ర పట్టదని. ఒకరోజు గేటుకు ఇటుక అడ్డం పెట్టి ఉంది. ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

మూడో ఏడు వానలు తగ్గాక జరిగిందిది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ పెరట్లోకి వచ్చాను. మావాడు పూల్ అంచున గొంతుక్కూర్చుని, ఎండుటాకులు ఒక్కొక్కటే నీళ్లలో వేస్తున్నాడు. అప్పటికి వాడికి నాలుగేళ్లు కూడా లేవు. అరిస్తే ఉలిక్కిపడి ముందుకు పడతాడేమోనని అరవలేదు. నోట్లో బ్రష్ అలాగే పెట్టుకుని, చెప్పులు విడిచి, నడిచి వెళ్లి వెనక నుంచి చొక్కా పట్టుకున్నాను. "నాన్నా, ఇది పడవ" అన్నాడు.

వాణ్ణి లోపల దింపి వచ్చి గేటు చూశాను. ముందు రోజు రాత్రి ఆకులు తీసే వల పట్టుకుని నేనే మెల్లగా బయటికి వచ్చాను. గేటు మూసుకుందనుకున్నాను. దూరం నుంచి చూస్తే మూసినట్టే ఉండేది కూడా. గడియ దాకా వచ్చి, అర అంగుళం ముందు ఆగిపోయింది.

ఆ రోజంతా ఆ గేటుతోనే సరిపోయింది. పూర్తిగా తెరిచి వదిలితే 'టక్'. సగం తెరిచి వదిలినా 'టక్'. జానెడు తెరిచి వదిలితే మాత్రం మెల్లగా వచ్చి గడియకు ఆనుకుని నిలబడింది. బెత్తెడు తెరిస్తే అసలు కదల్లేదు. అప్పుడు అర్థమైంది. నేను ఎప్పుడు పరీక్షించినా బార్లా తెరిచి వదిలేవాణ్ణి. అంత దూరం నుంచి వస్తే ఆ ఊపుకే గడియ పడుతుంది. స్ప్రింగులో బలం ఉందో లేదో తెలిసేది చివరి జానెడులోనే.

కారణాలు రెండు. కింది బందు స్ప్రింగు తుప్పు పట్టింది. పూల్ పక్కన క్లోరిన్ నీళ్లు చిందుతూనే ఉంటాయి, మామూలు ఇనుము ఎన్నాళ్లు ఆగుతుంది? రెండోది నా పనితనం. గేటు బరువు మోసే పోల్‌ను అంచు పలక పగులుతుందని మట్టిలో పాతాను, అదీ అడుగు లోతులో. వానకు మట్టి మెత్తబడి, పోల్ గేటు వైపు ఒరిగింది. కంటికి తెలియలేదు, తూకం గుండు వేలాడదీస్తే తెలిసింది. గడియ మొన దాని గూటికంటే కిందికి దిగి, అంచుకు తగులుతోంది.

రెండడుగుల గొయ్యి తవ్వి కాంక్రీటు పోశాం. వారం ఆగాకే గేటు తగిలించాను. ఆ వారం వెనక తలుపుకు తాళమే. ఈసారి ప్లాస్టిక్ ఒళ్లు, లోపల స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఉన్న బందులు కొన్నాను, స్క్రూడ్రైవర్‌తో బిగువు మార్చుకోవచ్చు. మరీ బిగిస్తే గేటు ధడాలున కొట్టుకుంటుంది, మళ్లీ ఇటుక వస్తుంది. రెండు మెట్లు తగ్గించాను.

మెష్ ఎండకు వెలిసింది. కుక్క గీరిన చోట ఒక చిరుగు, దానికి అతుకు. వంటింట్లోంచి నీళ్లు కనపడుతుంటాయి, అది మాకు బాగా నచ్చింది. కావాలంటే తీసేయవచ్చు అన్న సుగుణాన్ని మాత్రం నేను అప్పట్లో కాస్త ఎక్కువే పొగిడాను. చుట్టాలొచ్చారని ఒకసారి తీశాం. రంధ్రాల్లో ఇసుక చేరి పోల్స్ మళ్లీ దిగలేదు, రేపు చూద్దాంలే అంటూ రెండు రోజులు గడిచాయి. ఆ తర్వాత ఎవరొచ్చినా తీయలేదు.

చదునైన నేల, చుట్టూ గట్టి పలకలు ఉన్నాయి కాబట్టి మాకు ఇది సరిపోయింది. పెరడు వాలుగా ఉంటే కింద సందుల బాధ ఉంటుంది, అలాంటి చోట తీసుకోమని చెప్పలేను. మళ్లీ వేయాల్సి వస్తే మెష్ మేమే బిగించుకుంటాం, గేటు మాత్రం పని తెలిసినవాడి చేతికిస్తాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం జానెడు పరీక్ష. మావాడికి ఐదేళ్లొచ్చాయి, గడియ ఇంకా అందదు. నేను లాగితే వాడు సరిగ్గా జానెడు కొలిచి వదిలి, చెవి పెట్టి వింటాడు. గేటు వాడికి ఆటయిపోయిందని మా ఆవిడకు ఇది బొత్తిగా నచ్చదు.