మా కాలనీ మాస్టర్ ప్లాన్ వాలంటీర్లు: వెళ్లొచ్చు, సర్వే నంబర్ మాత్రం మరిచిపోకండి

విజయనగరంలో మా కాలనీవాళ్లే కొందరు ఆదివారాలు ముసాయిదా మాస్టర్ ప్లాన్ (ఊళ్లో ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే ప్రణాళిక) మ్యాపు పరుచుకుని కూర్చుంటున్నారు, సర్వే నంబర్ చెప్తే మన స్థలం ఏ జోన్‌లో పడింది, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు చేస్తామంటున్నారు, అభ్యంతరం ఎలా రాసివ్వాలి, అన్నీ ఓపిగ్గా చెప్తున్నారు, పైసా తీసుకోరు. పసుపు నివాసం, నీలం వాణిజ్యం అని తెలిశాక సగం టెన్షన్ పోయింది. పెద్ద చెరువు వైపు వాన నీళ్లు ఎటు పారతాయో పెద్దవాళ్లను అడిగి రాసుకోవడం బాగా నచ్చింది.

రాజ్యాంగం వార్డు కమిటీలను (వార్డు సంగతులు చూసే స్థానిక కమిటీలు) 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లకే తప్పనిసరి చేసింది, 2011 లెక్కల్లో మనం అంత లేం, కాబట్టి ఇలాంటివాళ్లు ఉండాల్సిందే.

కానీ అక్కడ అందరూ సొంతిళ్లవాళ్లే. గంటస్తంభం దగ్గర తోపుడు బండ్లవాళ్లను ఎవరూ పిలవలేదేంటి? రోడ్డు వెడల్పంటే ముందు లేచిపోయేది వాళ్లే కదా! 5కి 3.5 ఇస్తా.