సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ: వరుస తప్పితే తలుపు తెరవని ఆల్బమ్

అమెరికన్ రాక్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్ చేసిన ఈ ఆల్బమ్‌ను నేను మొదటిసారి తప్పు వరుసలో విన్నాను. పాటల ఫైళ్ళకు ముందు అంకెలు లేకపోవడంతో కంప్యూటర్ వాటిని ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చింది. దాంతో ఆరో పాట 'బియాండ్ దిస్ లైఫ్' ముందుకొచ్చింది. కథను ముగించే 'ఫైనల్లీ ఫ్రీ' మూడోదైంది. కథను మొదలుపెట్టే 'రిగ్రెషన్' ఏడో చోటికి పోయింది. వాయించేవాళ్ళు ఘనులని తెలుస్తూనే ఉంది గానీ ఒక్క పాటా మనసుకు పట్టలేదు. పక్కన పెట్టేశాను. కొన్నేళ్ళకు సీడీ చేతికొచ్చింది. పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, లేవకుండా 77 నిమిషాలూ విన్నాను. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

ఆల్బమ్ పూర్తి పేరు 'మెట్రోపోలిస్ పార్ట్ టూ: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. పార్ట్ వన్ ఒక పాట మాత్రమే. 1992లో వచ్చిన 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' ఆల్బమ్‌లో ఉంది. పేరులోని 'పార్ట్ వన్' గిటారిస్టు జాన్ పెట్రూచీ సరదాకు తగిలించినది, రెండో భాగం రాసే ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు. అభిమానులు మాత్రం అడగడం మానలేదు. చివరికి 1996లో సుమారు 21 నిమిషాల డెమో (నమూనా రికార్డింగు) ఒకటి తయారైంది. అప్పుడు చేస్తున్న 'ఫాలింగ్ ఇంటు ఇన్ఫినిటీ'ని రెండు డిస్కులుగా తేవాలని బ్యాండ్ అనుకుంది, రికార్డు కంపెనీ ఒప్పుకోలేదు. డెమో మూలన పడింది. పైగా ఒక పాటను బయటి రచయిత డెస్మండ్ చైల్డ్‌తో కలిసి తిరగరాయాల్సి వచ్చింది. ఈ ఒత్తిళ్ళతో విసిగి డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ బ్యాండ్ వదిలి వెళ్ళిపోయేదాకా వచ్చాడు.

అందుకే తర్వాతి ఆల్బమ్‌లో ఎవరూ వేలు పెట్టకూడదని పట్టుబట్టారు, సాధించుకున్నారు. పోర్ట్‌నాయ్, పెట్రూచీ తామే నిర్మాతలయ్యారు. కీబోర్డు మీదికి డెరెక్ షెరీనియన్ స్థానంలో జోర్డన్ రూడెస్ వచ్చాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని సఫర్న్‌లో, 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' రికార్డు చేసిన బేర్‌ట్రాక్స్ స్టూడియోలోనే మళ్ళీ కూర్చున్నారు. 1999 అక్టోబరు 26న ఆల్బమ్ విడుదలైంది. ఇదంతా తెలియకుండా వినవచ్చు. తెలిసి వింటే మాత్రం 'ఓవర్చర్ 1928' మొదటి క్షణాల్లోనే చెర విడిచినవాళ్ళ ఊపు వినిపిస్తుంది.

కథలో నికొలస్ అనే యువకుడికి ఎవరో అమ్మాయి పదేపదే కలలోకి వస్తుంటుంది. హిప్నోసిస్ చేసే వైద్యుడి దగ్గరికి వెళ్తే, 1928లో హత్యకు గురైన విక్టోరియా తన పూర్వజన్మ అని తెలుస్తుంది. ఆమె ప్రేమించిన జూలియన్ తాగుడుకీ జూదానికీ బానిస. అతని అన్నదమ్ముడు ఎడ్వర్డ్ సెనేటర్. ఆమెను చంపింది జూలియనేనని, తర్వాత తననూ కాల్చుకున్నాడని పత్రిక రాస్తుంది. నిజం వేరు. ఆ నిజం చివరి పాటలో బయటపడుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

పునర్జన్మ, పగ, అన్నదమ్ముల మధ్య ఒక అమ్మాయి: కథగా చూస్తే కొత్తదేమీ కాదు. నన్ను కట్టిపడేసింది కథ చెప్పిన తీరు. ఇందులో నికొలస్ కంటే ముందు సంగీతానికి గతం గుర్తొస్తుంది. 'రిగ్రెషన్'లో ఒట్టి గిటారు మీద, దాదాపు గుసగుసగా జేమ్స్ లాబ్రీ పాడే పంక్తులున్నాయి. అప్పటికి అవి నిద్రలోకి జారుతున్న మనిషి మాటలు మాత్రమే. గంటకు పైగా గడిచాక, 'ది స్పిరిట్ క్యారీస్ ఆన్' చివర్లో, బృందగానమూ పెట్రూచీ సోలో ముగిశాక, అదే రాగం తిరిగి వస్తుంది. మొదటి రెండు పంక్తులు అవే, తర్వాతి మాటలు మారతాయి, ఎందుకంటే ఇప్పుడు పాడుతున్నవాడికి తానెవరో తెలుసు. మొదటిసారి వరుసలో విన్నప్పుడు ఇక్కడ పుస్తకం మూసేశాను, అక్షరాలు చూడాలనిపించలేదు. 'వన్ లాస్ట్ టైమ్' పల్లవి కూడా అంతే. ముందు వీడ్కోలులా వినిపించిన ఆ రాగం 'ఫైనల్లీ ఫ్రీ'లో తుపాకీ మోతల తర్వాత వచ్చేసరికి ఒళ్ళు జలదరిస్తుంది. 'హోమ్', 'ది డ్యాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' అనే పేర్లు సైతం 1992 నాటి పాట చివరి చరణాల్లోంచి తీసుకున్నవే.

'ది డ్యాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' సంగతి విడిగా చెప్పాలి. ఆరు నిమిషాల చిల్లర, మాటల్లేవు, తాళం వందసార్లకు పైగా మారుతుంది. ఒక సాయంత్రం పెన్సిలూ కాగితమూ పెట్టుకుని, బల్ల మీద వేలితో కొడుతూ లెక్క రాసుకోబోయాను. ఏడు అని రాసేలోపు ఐదుకు మారింది, ఐదు కుదిరేలోపు ఆరు. మధ్యలో రూడెస్ ఉన్నట్టుండి పాతకాలపు ర్యాగ్‌టైమ్ పియానో ఎత్తుకుంటాడు, ఆ తర్వాత జాన్ మ్యుంగ్ బాస్ గిటారు ఒంటరిగా కొన్ని క్షణాలు పరుగెడుతుంది. కాగితం పక్కన పెట్టాను. లెక్క వదిలేసి వింటే, జ్ఞాపకాలన్నీ ఒక్కసారిగా మీద పడి, ఏది ముందో ఏది వెనకో తెలియని మనిషి తల లోపల కూర్చున్నట్టుంటుంది. ఇది విద్యాప్రదర్శన అనేవాళ్ళున్నారు. ఒక్క పాటగా విడదీసి వింటే నేనూ ఆ మాటే అనేవాణ్ణి.

లోపాలు లేకపోలేదు. నికొలస్, విక్టోరియా, జూలియన్, ఎడ్వర్డ్, అందరికీ లాబ్రీయే గొంతు. ఎవరు మాట్లాడుతున్నారో పాటల పుస్తకం చూడకుండా పోల్చుకోవడం కష్టం. పదకొండు నిమిషాలు దాటే 'బియాండ్ దిస్ లైఫ్' మొదట్లో పత్రికా వార్తను పరుగెత్తే రిఫ్ (పదేపదే తిరిగొచ్చే గిటారు బాణీ) మీద చదివించడం గొప్ప ఊహ, కానీ మధ్యలో సోలోలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి హత్య వార్త వేడిని చల్లారుస్తాయి. మూడు నిమిషాలు తగ్గించి ఉండాల్సింది. పన్నెండున్నర నిమిషాలు దాటే 'హోమ్' నాకు అలా అనిపించలేదు. సితార్‌ను తలపించే ఆరంభం నుంచి జూలియన్ పతనం అడుగడుగునా వినిపిస్తుంది.

అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కించే బిల్‌బోర్డ్ 200 పట్టికలో ఆల్బమ్ 73వ స్థానం దగ్గరే ఆగింది. ఆదరణ నెమ్మదిగా, గట్టిగా పెరిగింది. 2012లో రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకుల ఓటింగులో ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, చిక్కైన అల్లికల రాక్ సంగీతం) ఆల్బమ్‌లన్నిటిలో ఇదే మొదటి స్థానంలో నిలిచింది. 2000 ఆగస్టు 30న న్యూయార్క్ రోజ్‌ల్యాండ్ బాల్‌రూమ్‌లో ఆల్బమ్ మొత్తాన్ని వేదిక మీద వాయించారు. ఆ రికార్డింగు సీడీలుగా బయటికొచ్చిన రోజు 2001 సెప్టెంబరు 11. అట్ట మీద మంటల్లో న్యూయార్క్ భవనాలు, వాటిలో ఆ జంట టవర్లు. వెంటనే వెనక్కి తీసుకుని బొమ్మ మార్చి మళ్ళీ తెచ్చారు. ఇరవయ్యేళ్ళ సందర్భంగా చేసిన కచేరీల నుంచి 2020లో లండన్ రికార్డింగు కూడా వచ్చింది. రెండూ బాగున్నాయి, అయినా కొత్తగా వినేవారు స్టూడియో ఆల్బమ్‌తోనే మొదలుపెట్టండి. పాటల మధ్య చప్పట్లు పడితే ఈ కథ చెదిరిపోతుంది.

చివరి పాటలో సంగీతం ఆగాక కూడా కథ ఆగదు. కారు, తలుపు, టీవీ, గ్రామఫోను చప్పుళ్ళు, ఒక్క మాట, ఆ పైన గరగర. 2002లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ మొదటి పాట 'ది గ్లాస్ ప్రిజన్' ఆ గరగరతోనే మొదలవుతుంది. అది పూర్తిగా ఆగేదాకా నేను ప్లేయర్ మీద చెయ్యి వేయను.