తెల్ల సైకిల్‌కు పౌడర్ కోటింగ్: జీడిమెట్ల జాబ్‌వర్క్ ఎంతవరకు పనికొస్తుంది

రోడ్డు ప్రమాదంలో సైక్లిస్టు చనిపోయిన చోట నిలబెట్టే తెల్ల సైకిల్ 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మొదలైంది. పాట్రిక్ వాన్ డెర్ ట్యూన్ అనే ఆయన పాడైన సైకిల్‌కు తెల్లరంగు పూసి, ప్రమాదం జరిగిన చోట బోర్డుతో సహా పెట్టాడు. అక్కడి నుంచి ఎన్నో దేశాలకు పాకింది. అదే పద్ధతిలో హైదరాబాద్‌లో స్ప్రే డబ్బాతో సరిపెడితే ఒక్క వానాకాలానికే స్పోకుల మొదళ్ల నుంచి ఎర్రగా కారుతుంది. తుప్పు పట్టిన సైకిల్‌ను స్మారకమని ఎవరూ అనుకోరు, తుక్కు బండి ఎక్కించేస్తారు. మనిషి పేరు మోసే వస్తువుకు ఆ గతి పట్టకూడదు. అందుకే జీడిమెట్ల పారిశ్రామికవాడలో గేట్లు, గ్రిల్లులకు పౌడర్ కోటింగ్ (పొడి రంగును విద్యుదావేశంతో అంటించి ఓవెన్‌లో కాల్చే పూత) చేసే ఒక చిన్న షాపులో చేయించిన పాత రోడ్‌స్టర్ సైకిల్ పనిని ఇక్కడ వివరంగా చూద్దాం. ఫ్రేముకు, ఫోర్కుకు, హ్యాండిల్‌కు నిక్షేపంగా చేయించవచ్చు. చక్రాలకు మాత్రం వద్దు.

సైకిల్‌ను పూర్తిగా విప్పి ఇవ్వాలి. చైను, బ్రేకులు, గ్రిప్పులు, బెల్లు, సీటు కవరు ఎలాగూ తీసేయాల్సినవే. అమ్ముకోవడానికి పనికొచ్చేవి లేకపోతే దొంగల కన్ను పడదు. కానీ చాలామంది హ్యాండిల్ కింది బేరింగు కప్పులనూ పెడల్ ఇరుసు కప్పులనూ తీయకుండా వదిలేస్తారు. కోటింగ్ ఓవెన్ వేడి 180 నుంచి 200 డిగ్రీలు. ఆ కప్పుల్లో మిగిలిన గ్రీజు కరిగి బయటికి కారుతుంది, కారిన చోట సూదిమొన గుంతలు పడతాయి. నీళ్లు చేరేది అక్కడే. పాత డెంటుకు ఎవరైనా లప్పం పెట్టి ఉంటే అదీ గీకేయాలి, ఆ వేడికి ఊడొస్తుంది. పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి కోటింగ్‌కు ముందే వేయించండి. సీటు గొట్టంలోంచి దిగిన వాన నీరు అక్కడే నిలిచి ఫ్రేమును లోపలి నుంచి తినేస్తుంది, పైన రంగు ఎంత బాగున్నా.

ఈ షాపు బలం రంగు కంటే ముందు జరిగే పనిలో ఉంది. నూనె కడగడం, యాసిడ్‌తో తుప్పు తీయడం, ఫాస్ఫేటింగ్ (రంగు గట్టిగా పట్టేలా ఇనుము మీద ఫాస్ఫేట్ పొర ఎక్కించడం), మధ్యమధ్యలో నీళ్లతో కడగడం, అన్నీ వేర్వేరు తొట్టెల్లో చేస్తున్నారు. ఫాస్ఫేట్ అయ్యాక ఫ్రేము నిగారింపు లేని బూడిద రంగులో, మచ్చల్లేకుండా ఒకే తీరుగా కనిపించాలి. ఇక్కడ అలాగే వచ్చింది. కొన్ని షాపులు ఎమ్రీ పేపర్‌తో రుద్ది, థిన్నర్‌తో తుడిచి నేరుగా పౌడర్ కొట్టేస్తాయి. అలాంటి పూత రాయి తగిలిన చోట పెచ్చులుగా లేస్తుంది.

పౌడర్ విషయంలో నోరు తెరిచి అడగాలి. “తెలుపు” అంటే చాలు, ఏది మిగిలి ఉంటే అది వేస్తారు. లోపలి ఫర్నిచర్‌కు వాడే ఎపాక్సీ కలిసిన పౌడర్ అయితే ఎండకు పచ్చబడుతుంది, చేత్తో రాస్తే సుద్దలా అంటుకుంటుంది. బయట వాడకానికి ప్యూర్ పాలిస్టర్ కావాలి. డబ్బా మీది లేబుల్ చూడండి. పూత మందం 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. ఈ షాపులో మందం కొలిచే గేజ్ పెట్టి చూపించారు. పూత సరిగా ఉడికిందో లేదో తెలియాలంటే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో కనబడని చోట గట్టిగా రుద్దండి. మెత్తబడి గుడ్డకు తెల్లగా దిగితే పచ్చిగా ఉన్నట్టే, మళ్లీ ఓవెన్‌లో పెట్టమనాలి.

లోపాలూ ఉన్నాయి. పైగొట్టానికి కొక్కెం తగిలించి వేలాడదీశారు. ఆ చోట గోరంత మేర ఇనుము బయటపడి ఉంది. ఇరుసు గొట్టం లోపలి నుంచి వేలాడదీయమని ముందే చెబితే ఈ ఇబ్బంది రాదు. గొట్టాలు కలిసే ఇరుకు మూలల్లో పౌడర్ పలచగా పడింది. పౌడర్ విద్యుదావేశంతో అంటుకుంటుంది కాబట్టి మూలల్లోకి వెళ్లక అంచులకే చేరుతుంది. స్పోకులున్న చక్రానికి వద్దనడానికి కారణం కూడా ఇదే. చక్రాలకు క్రోమ్ నునుపు పోయేదాకా ఎమ్రీ పట్టి, మెటల్ ప్రైమర్ వేసి, కారు మెకానిక్కులు వాడే రెండు డబ్బాల (ఒకదాంట్లో రంగు, ఇంకోదాంట్లో గట్టిపరిచే ద్రావణం) పీయూ, అంటే పాలీయురెథేన్, తెలుపు స్ప్రే చేయించండి. చక్రం తిప్పుతూ రెండు వైపుల నుంచీ కొట్టాలి. టైర్ల మీద ఆయిల్ పెయింట్ వద్దు, పెళుసెక్కి రాలిపోతుంది. గోడలకు వేసే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ కొంత సాగుతుంది, మళ్లీ పూయడమూ తేలిక.

సైకిల్ ఎక్కడిదన్నది మరో సంగతి. ప్రమాదానికి గురైన సైకిల్ కేసు నడిచినంతకాలం పోలీస్ స్టేషన్‌లోనే ఉండిపోవచ్చు. దానికోసం ఆగకుండా అదే రకంది జుమ్మేరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో చూడండి. అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాయించుకోండి.

నేమ్‌ప్లేట్ ఈ షాపు చేయదు. ఫ్లెక్సీ వెలిసిపోతుంది. స్టీలు రేకు మీద ఎచింగ్ (రసాయనంతో అక్షరాలు చెక్కడం) చేయించడమే మేలు. వాట్సాప్‌లో పంపిన తెలుగు పేరును డీటీపీ వాళ్లు పాత ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు విడిపోతుంటాయి. రేకు చెక్కకముందే ప్రింటు తీసి ఇంటివాళ్లకు చూపించి తీరాలి. కొడుకు పేరు తప్పుగా చెక్కిన రేకును ఆ తల్లికి చూపించే పరిస్థితి రానివ్వకండి.

పెట్టే చోటుకు అక్కడి మున్సిపల్ కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఫుట్‌పాత్‌కు అడ్డం రాకూడదు, మలుపులో వచ్చే బండి కనబడకుండా చేయకూడదు. కరెంటు స్తంభానికి, వీధిదీపం స్తంభానికి గొలుసు వేయనే వద్దు. వానలో స్తంభానికి కరెంటు పాకితే ఇనుప సైకిల్ ముట్టుకున్నవాళ్ల ప్రాణాల మీదికొస్తుంది. చిన్న కాంక్రీటు దిమ్మె పోసి, యూ-బోల్టులు, నైలాక్ నట్లతో (అదురుకు వదులు కానివి) బిగించాలి. బిగించేటప్పుడు పూత గీసుకుపోకుండా బోల్టు కింద పాత ట్యూబు ముక్క పెట్టండి.

పౌడర్ పూతను రోడ్డు మీద రిపేరు చేయలేం. గీతలు పడ్డ చోట పూయడానికి, చక్రాలకు వాడగా మిగిలిన పీయూ తెలుపును గట్టిపరిచే ద్రావణం కలపకుండా విడిగా దాచుకోండి. మే నెల మూడో బుధవారం చాలా ఊళ్లలో సైక్లిస్టులు మృతుల జ్ఞాపకంగా మౌనంగా సవారీ చేస్తారు. వానలకు ముందే వస్తుంది కాబట్టి ఆ వారమే కడిగి, గీతలు సరిచేసి, అడుగు రంధ్రంలో మట్టి తీసి, బోల్టులు చూసుకోవడం అనుకూలం.