హౌండ్ పిల్లని కొన్నారా? "కాళ్ల కోర్సు" పేరుతో అంటగట్టే కాల్షియం డబ్బాతో జాగ్రత్త

రొయ్యల చెరువుల మీద కాపలాకని హౌండ్ (వేటకుక్క) పిల్లల్ని తెచ్చుకోవడం మా ఆకివీడు, ఉండి వైపు ఈమధ్య బాగా ఎక్కువైంది, అందుకే రాస్తున్నాను. పిల్లని అమ్మిన మనిషే మీరు పంపిన ఫొటో చూసి "కాళ్లు వంకర పోతున్నాయండి, కోర్సు వాడాలి" అన్నాడంటే డబ్బులు కొట్టకండి. ముందు ఎక్స్‌రే తీయించండి. నేను తీయించకుండా నెలన్నర పోగొట్టుకున్నాను. డబ్బులు పోతే పోయాయి, పిల్ల కాలు పోయేది.

సంక్రాంతికి రాజోలులో ఉండే మా బావా, నేనూ ఒకే ఈత పిల్లల్ని రెండింటిని తీసుకున్నాం. ముధోల్ హౌండ్లు (నిర్మల్ దగ్గర ముధోల్ కాదు, కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలోది. 2005లో తపాలా బిళ్ల మీద వేసిన జాతి). అప్పటికి వాటికి 40 రోజులు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉందట, నాకు తర్వాత తెలిసింది. అట్టపెట్టెలో పెట్టుకుని చించినాడ వంతెన దాటి ఇంటికొచ్చేసరికి అమ్మినాయన ఫోన్ చేసి, ఈ రోజు నుంచే కాల్షియం సిరప్ పూటకి 5 ఎం.ఎల్. పొయ్యమన్నాడు. పోశాను. మంచి పప్పీ ఫీడ్ పెడుతూ దాని మీద సిరప్ కూడా పోశాను, అదీ నేను చేసిన తప్పు.

ముందు వంకర పోయింది మాది కాదు, మా బావ వాళ్ల పిల్ల. వాళ్లింట్లో దానికి అన్నం, మజ్జిగ, కడిగిన కోడి మాంసం ముక్కలు, అదీ ఎముక గొంతులో అడ్డం పడుతుందని మా అక్క ఎముకలు తీసేసి మరీ పెట్టేది. రెండున్నర నెలలకల్లా ముందుకాళ్లు వంగి, ఎత్తుకుంటే కుయ్యిమనేది. అమ్మినాయన కోర్సు పంపాడు: పేరు లేని ప్లాస్టిక్ డబ్బాలో పొడి, ఒక సిరప్, మూడు ఇంజెక్షన్లు, మొత్తం 3,800. నెల తిరక్కుండానే ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి మొరగడం వీడియో తీసి బావ నాకు పంపాడు, ఆయనకీ పంపాడు.

అందుకే మార్చిలో మా వాడి పాదాలు బాతు నడకలా బయటికి తిరుగుతుంటే నాకు రెండో ఆలోచన రాలేదు. అదే కోర్సు, అదే రేటు. "ఏం టెన్షన్ పడకండి, మీ బావగారిది చూశారుగా" అన్నాడు. ఎండలో కడితే విటమిన్ డి వస్తుందన్నాడు, ఏప్రిల్ ఎండలో గట్టు మీద కట్టాను కూడా. కుక్క చర్మం మనలా ఎండకి సరిపడా విటమిన్ డి తయారు చేసుకోలేదు, దానికి తిండిలోంచే రావాలి. అంటే పాపం దాన్ని ఊరికే మాడ్చాను.

నెలన్నర వాడాక కుడి కాలు విల్లులా అయింది. మకాంలో టైల్స్ మీద లేవబోయి రెండు కాళ్లూ చెరో పక్కకి జారి, గడ్డం నేలకి ఆనించి నావైపు చూసింది. మర్నాడు తెల్లారుజామునే బయల్దేరి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టర్ గారు ఎక్స్‌రే లైటు మీద పెట్టి చూపించారు. ముంజేతిలో రెండు ఎముకలు పక్కపక్కనే పెరగాలి. వాటిలో అల్నా అనే దాని పొడవులో దాదాపు 85 శాతం మణికట్టు పైనున్న ఒక్క గ్రోత్ ప్లేటు (ఎముక పొడవు పెరిగే మెత్తటి పొర) నుంచే వస్తుంది. మా వాడికి సరిగ్గా అక్కడే ప్రమిదలో దీపం ఆకారంలో ఒక నల్లటి చార ఉంది. అది ఎముకగా మారకుండా ఉండిపోయిన మృదులాస్థి. అల్నా వెనకబడింది, పక్కనున్న రేడియస్ మాత్రం పెరుగుతూనే ఉంది, ఎటూ పోయే దారి లేక వంగింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "కాల్షియం ఎంత పోస్తున్నారు?"

ఆరు నెలల లోపు పెద్ద జాతి పిల్ల ఒంటికి కాల్షియం చాలు అని చెప్పే ఏర్పాటు ఇంకా సరిగా కుదరదట. పొట్టలోకి వెళ్లినదాంట్లో ఎక్కువ భాగం రక్తంలోకి లాగేసుకుంటుంది. ఎక్కువైతే ఎముక తనను తాను చెక్కుకుంటూ ఎదగడం మందగిస్తుంది. మంచి పప్పీ ఫీడ్‌లో కాల్షియం, భాస్వరం లెక్క ప్రకారం కలిపే ఉంటాయి, పైన మనం పోసేదంతా అదనమే. విటమిన్ డి ఇంజెక్షన్లు ఇంకా ప్రమాదం, ఆ విటమిన్ ఒంట్లో నిలవుండిపోతుంది, మితిమీరితే కిడ్నీలు పోతాయి.

మరి మా బావ పిల్ల ఎందుకు బాగుపడింది? అదీ అడిగాను. ఉత్త మాంసం, అన్నంలో భాస్వరం ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. రక్తంలో తగ్గిన కాల్షియాన్ని ఒళ్లు ఎముకల్లోంచి పీక్కుంటుంది, ఎముక మెత్తబడుతుంది. దానికి నిజంగానే కాల్షియం కావాలి, అందింది, లేచింది. మా వాడిది సరిగ్గా ఎదురు. ఒకే తల్లి పిల్లలు, బయటికి ఒకేలా కనిపించే వంకర, ఒకదానికి మందైనది ఇంకోదానికి విషం. ఆ తేడా ఫోన్లో ఫొటో చూసి ఎవడూ చెప్పలేడు.

ఇంకో సంగతి, అసలు ఏ జబ్బూ లేని పిల్లలకి కూడా ఈ కోర్సు అమ్ముతున్నారు. ఎదిగే హౌండ్ పిల్లకి మణికట్టు దగ్గర బొడిపెలా కాస్త లావుగా ఉండడం మామూలే, అది గ్రోత్ ప్లేటు. దాన్ని చూపించి "రికెట్స్ అండీ" (ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) అని భయపెడతారు. అదే వాపు వేడిగా ఉండి, ముట్టుకుంటే ఏడ్చి, జ్వరంతో తిండి మానేస్తే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, అది వేరే జబ్బు. ఐదారు నెలలు దాటాక ఈ వారం ఒక కాలు, వచ్చే వారం ఇంకో కాలు కుంటితే అది చాలాసార్లు ఎదుగుదల నొప్పే, తనంతట తనే పోతుంది, అయినా ఒకసారి చూపించండి. మన ఇంట్లో ఉండే నొప్పి బిళ్లలు మాత్రం వేయకండి, కుక్కలకి కడుపులో పుండ్లు పడతాయి.

మా వాడికి రాసిన వైద్యం వింటే నవ్వొస్తుంది: అన్నీ ఆపేయడం. సిరప్ బంద్, పొడి బంద్, ఫీడ్ కొలిచి మూడు పూటలు, పక్కటెముకలు చేతికి తగిలేంత సన్నగానే ఉంచడం, టైల్స్ మీద గోనెపట్టాలు, బండి మీంచి దూకనివ్వకపోవడం. రెండు వారాలకోసారి చూపించమన్నారు. కాలు దారిలోకి రాకపోతే ఎదుగుదల ఆగేలోపే అల్నాలో ముక్క కోసి తీయాల్సి వచ్చేదట. ఆపరేషన్ దాకా రాలేదు.

ఇప్పుడు వాడికి ఎనిమిది నెలలు. ఎడమది తిన్నగా వచ్చింది. కుడి పాదం నిలబడితే ఇంకా కొంచెం బయటికే చూస్తుంది, గట్టు మీద పరిగెడితే తెలియదు. అమ్మినాయన నా నంబర్ బ్లాక్ చేశాడు, రసీదు ఎప్పుడూ ఇవ్వలేదు కాబట్టి నా దగ్గర చూపించడానికీ ఏం లేదు. మా బావ తీసిన వీడియోని మాత్రం కోర్సు అమ్మడానికి గ్రూపుల్లో ఇంకా తిప్పుతున్నాడు. నీలం రంగు గేటు ముందు గోధుమ రంగు పిల్ల మొరుగుతున్న వీడియో మీకూ వస్తే, ఆ గేటు మా బావ వాళ్లదే.