క్వీన్ ఆఫ్ టియర్స్: సగం దాకా సూపర్, ఆ తర్వాత కిడ్నాపులు

ముందే చెప్తున్నా, కథ చివరిదాకా చెప్పేస్తాను, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. 2024లో వచ్చిన ఈ కొరియన్ సీరీస్ ఆఖరి ఎపిసోడ్‌కి 24.8 శాతం రేటింగ్ వచ్చింది, అక్కడి టీవీఎన్ ఛానెల్‌లో అప్పటిదాకా ఏ డ్రామాకీ అంత రాలేదు. మొత్తం 16 ఎపిసోడ్లు, ఒక్కోటీ గంటకు పైనే. మొదటి సగం చూస్తుంటే అంత రేటింగ్ రావడం న్యాయమే అనిపిస్తుంది. రెండో సగానికి కూడా ఎలా వచ్చిందన్నదే నాకు అంతుపట్టదు.

మామూలుగా ఈ ప్రేమకథలు పెళ్లితో అయిపోతాయి. ఇది పెళ్లయిన మూడేళ్లకి మొదలవుతుంది. పల్లెటూరి నుంచి వచ్చిన లాయరు హ్యున్-ఊ (కిమ్ సూ-హ్యున్), పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిపే కోటీశ్వరుల అమ్మాయి హే-ఇన్ (కిమ్ జీ-వొన్). అబ్బాయిది అచ్చంగా ఇల్లరికం. అత్తారింట్లో ఊపిరాడక, విడాకులు అడుగుదామని కాగితాలు సిద్ధం చేసుకుని వెళ్తాడు, అంతలో ఆమే తనకి జబ్బని, ఇంక మూడు నెలలే బతుకుతానని చెప్తుంది. ఆ క్షణంలో అతని మొహంలో బాధ కంటే ముందు వచ్చేది వేరే, అది చూసి నవ్వాలో తిట్టాలో తెలీదు. హీరోని అంత చిన్నబుచ్చే ధైర్యం ఎంతమంది రచయితలకుంటుంది?

నాకు బాగా నచ్చింది జేసా సీను. మన తద్దినం లాంటిదే, ఇంటి పూర్వీకులకి వండి పెట్టడం. హే-ఇన్ వాళ్ల హాంగ్ వంశపు పెద్దల కోసం పొయ్యి దగ్గర నిలబడి అట్లు వేస్తున్నదెవరంటే ఇంటి అల్లుళ్లు! పెద్ద చదువులు చదివినవాళ్లు, ఏప్రాన్లు కట్టుకుని, తమ రక్తంలో లేని తాతముత్తాతల కోసం చెమటలు కక్కుతుంటారు. కోడళ్లు తరాలుగా చేస్తున్న పనిని అల్లుళ్ల చేత చేయించేసరికి అది ఎంత అన్యాయమో ఒక్క ఉపన్యాసం లేకుండా అర్థమవుతుంది, పైగా నవ్వొస్తుంది కూడా. ఇంకోటి, కడుపులో బిడ్డ పోయాక ఈ ఇద్దరూ ఎవరి ఏడుపు వాళ్లు వేరే గదుల్లో ఏడ్చుకుని, ఎదుటి మనిషికి అసలు బాధే లేదనుకుని దూరమైపోవడం. విడాకులకి కారణం విలన్ కాదు, మాట్లాడుకోకపోవడం. దీన్ని ఇంత బాగా రాసినావిడ (పార్క్ జీ-ఉన్) తర్వాత ఏం చేశారో చూడండి.

మధ్యలో ఆస్తి పోగొట్టుకున్న అత్తింటివాళ్లంతా వచ్చి అల్లుడిగారి పల్లెటూళ్లో, వియ్యాలవారి ఇంట్లో తలదాచుకునే భాగం ఉంది, అది కూడా బావుంటుంది, ఇంకో రెండు ఎపిసోడ్లు పెట్టినా చూసేవాణ్ని. కానీ అప్పటికే విలన్ పూర్తిగా పగ్గాలు పట్టేస్తాడు. ఇక వరసగా జర్మనీలో హే-ఇన్‌కి ఆపరేషన్, దాంతో ఆమె జ్ఞాపకాలు పోవడం, హీరో మీద హత్య కేసు, కారు గుద్దడం, కిడ్నాపు, తుపాకీ. గతం మర్చిపోవడాలూ కారు గుద్దేయడాలూ మనకి రాత్రి ఎనిమిదింటికి ఏ తెలుగు సీరియల్లోనైనా దొరుకుతాయి కదండీ, దానికోసం సబ్‌టైటిల్స్ చదువుకుంటూ కూర్చోవాలా?

ఇదే రచయిత్రి రాసిన 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ'లోనూ నాకు ఇదే తేడా కనిపించింది. ఉత్తర కొరియా పల్లె, కరెంటు కోతలు, కిమ్చీ పచ్చడి పెట్టుకునే ఆడవాళ్ల కబుర్లు ఉన్నంతసేపూ టైము తెలీదు. చీకటి సంతలో తప్పిపోయిన హీరోయిన్ కోసం హీరో హ్యున్ బిన్ వెలిగించిన సెంటు కొవ్వొత్తి పైకెత్తి నిలబడే సీను ఇప్పటికీ రీల్స్‌లో తిరుగుతూనే ఉంటుంది. కథ సియోల్‌కి మారగానే తుపాకులూ ఛేజింగులూ, అన్నదమ్ముల ఆస్తి కుట్రలూ. ఈవిడకి మనుషులు కలిసి తినడం, దెబ్బలాడుకోవడం రాయడం అద్భుతంగా వచ్చు, అయినా అది చాలదేమోనన్న భయం ఒకటి ఉన్నట్టుంది.

చాలుతుందని 2025లో 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్' చూపించింది. జేజు దీవిలో పేద జంట, కొన్ని దశాబ్దాల కాపురం. విలన్ అని చెప్పుకోదగ్గ మనిషి లేడు. మగవాళ్ల బల్లకి వీపు తిప్పేసి, పక్కన కింద కూర్చుని తింటున్న పెళ్లాం, పిల్ల వైపు తిరిగి కూర్చుంటాడు భర్త, అంతే సీను, కానీ ఇంట్లో అందరి నోళ్లూ మూతపడతాయి. దాని ముందు క్వీన్ ఆఫ్ టియర్స్‌లో మంచులో పేలిన తుపాకీ తుస్సుమంది.

నటన మీద మాత్రం ఫిర్యాదు లేదు. కిమ్ జీ-వొన్ పొగరుగా నిలబడి లోపల వణికిపోవడం, కిమ్ సూ-హ్యున్ తాగేసి చిన్నపిల్లాడిలా ఏడవడం, కథ చెడిపోయాక కూడా వీళ్లిద్దరి వల్లే నేను ఆపలేదు. ఆఖర్లో ముసలితనం, సమాధి చూపించారని చాలామందికి కోపమొచ్చింది, నాకైతే అదే నచ్చింది, వాళ్లు ముసలయ్యేదాకా కలిసి బతికారన్నమాట. కాబట్టి వియ్యాలవారి ఊరి భాగం అయ్యేదాకా తీరిగ్గా చూడండి, ఆ తర్వాత విలన్ కనిపించిన చోటల్లా ముందుకు జరిపేసి ఆఖరి పది నిమిషాలకి వచ్చేయండి. డబ్బింగ్ వద్దు, ఒరిజినల్ గొంతులతోనే చూడండి, ఆ తాగిన ఏడుపు వేరేవాళ్ల గొంతులో వింటే సగం మజా పోతుంది.