కబోర్డు తలుపు వాలితే ఏది మేలు: స్క్రూ తిప్పడమా, బెజ్జం బాగు చేయడమా, హింజ్ మార్చడమా?

వంటింటి కబోర్డు తలుపు హ్యాండిల్ వైపు కిందకి దిగి పక్క తలుపును రాసుకుంటుంటే చాలామంది వెంటనే కొత్త హింజ్‌లు కొనుక్కొస్తారు. పట్టు వదిలేసిన పాత బెజ్జాల్లోనే వాటిని బిగిస్తే కొద్ది రోజులకే తలుపు మళ్లీ వాలుతుంది. లోపం చాలాసార్లు హింజ్‌లో కాదు, అది పట్టుకున్న చెక్కలో ఉంటుంది. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. తలుపు సగం తెరిచి, హ్యాండిల్ వైపు అంచు పట్టుకుని మెల్లగా పైకీ కిందకీ ఆడించండి. చూపు మాత్రం హింజ్ మీద ఉండాలి.

కబోర్డు పక్క చెక్కకు బిగించిన ప్లేటు కదిలితే స్క్రూ వదులైనట్టు, లేదా బెజ్జం పోయినట్టు. ప్లేటు గట్టిగా ఉండి దాని మీది హింజ్ చేయి (తలుపును ప్లేటుకు కలిపే పొడవాటి భాగం) లొడలొడలాడితే, మొదట ఆ చేతి వెనక వైపున్న స్క్రూను బిగించి చూడండి. అప్పటికీ ఆగకపోతే హింజ్ అరిగిందన్నమాట. ఏదీ కదలకుండా తలుపు మాత్రమే వంకరగా ఉంటే స్క్రూలు తిప్పితే సరిపోతుంది. ఒకే వరుసలో రెండు మూడు తలుపులు ఒకేసారి వంకరపోతే మాత్రం తలుపుల జోలికి వెళ్లకండి. కబోర్డు డబ్బా మూల నుంచి ఎదురు మూలకు టేపుతో రెండు వైపులా కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే డబ్బాయే ఒరిగింది. పైన రసమట్టం పెట్టి, కింద ప్లాస్టిక్ కాళ్లను తిప్పి మట్టం చేస్తే తలుపులు చాలావరకు వాటంతట అవే దారికొస్తాయి.

స్క్రూలతో ఎంత వరకు సర్దవచ్చు?

ఇప్పటి మాడ్యులర్ వంటింట్లో ఉండేది 35 మి.మీ. కప్పు హింజ్, అంటే తలుపులో తొలిచిన గుండ్రటి గుంతలో కప్పులా కూర్చునేది. దాని చేతి మీద రెండు స్క్రూలు కనిపిస్తాయి. తలుపుకు దగ్గరగా ఉన్నది తలుపును పక్కకు జరుపుతుంది. వెనక ఉన్నది ముందుకీ లోపలికీ జరుపుతుంది. పైకీ కిందకీ జరపాలంటే ప్లేటు స్క్రూలను సగం వదులు చేసి, తలుపు కింద చెక్క ముక్క ఆనించి, కావలసిన ఎత్తులో మళ్లీ బిగించాలి. కొన్ని ప్లేట్లకు ఇందుకోసమే వేరే స్క్రూ ఉంటుంది.

హ్యాండిల్ వైపు మూల దిగిందంటే తలుపు తిరిగిపోయిందని అర్థం. దాన్ని ఎత్తు స్క్రూతో కాదు, పక్కకు జరిపే స్క్రూలతో సరిచేయాలి. పై హింజ్ తలుపును హింజ్ వైపుకు లాగాలి, కింది హింజ్ అవతలికి నెట్టాలి. ఏ వైపు తిప్పితే ఎటు జరుగుతుందో కంపెనీని బట్టి మారుతుంది. అందుకే అర చుట్టు తిప్పి, తలుపు మూసి చూసి, తర్వాత మిగతాది. రెండు తలుపుల మధ్య సందు పై నుంచి కింద దాకా సమానంగా 3 మి.మీ. వస్తే పని అయినట్టే.

ఈ దారికి హద్దు ఉంది. హింజ్‌ల మధ్య దూరం 500 మి.మీ., తలుపు వెడల్పు 400 మి.మీ. అనుకుందాం. పైది 1 మి.మీ. ఇటు, కిందిది 1 మి.మీ. అటు జరిపితే మూల లేచేది 1.6 మి.మీ. మాత్రమే. చాలా హింజ్‌లు పక్కకు చెరో 2 మి.మీ. మించి జరగవు కాబట్టి ఎంత తిప్పినా మూల సుమారు 3 మి.మీ. లేస్తుందంతే. ఏళ్ల తరబడి బాగున్న తలుపు 5 మి.మీ. దిగిందంటే ఎక్కడో పట్టు పోయింది. దాన్ని స్క్రూ తిప్పి దాచలేరు.

జాగ్రత్త ఒకటి: పాత తరహా స్లయిడ్ హింజ్‌కు ఆ వెనక స్క్రూయే చేతిని ప్లేటుకు పట్టి ఉంచుతుంది. రెండు హింజ్‌లకూ ఒకేసారి వదులు చేస్తే తలుపు మీ కాలి మీద పడుతుంది. ఒకదాని తర్వాత ఒకటే ముట్టుకోండి. స్క్రూ తలలో ప్లస్ గుర్తు మధ్య సన్నటి గీతలు కనిపిస్తే అది పోజీడ్రైవ్. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అందులో జారి తలను తినేస్తుంది, పోజీడ్రైవ్ కోసమే చేసిన పీజెడ్ 2 (PZ2) బిట్ వాడాలి. డ్రిల్ మెషిన్‌తో బిగించవద్దు, మంచి బెజ్జం కూడా ఆ ఊపుకే పాడవుతుంది.

బెజ్జం పోతే ఏది నిలుస్తుంది?

స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉందంటే అక్కడి నార తెగిపోయింది. ఇక్కడ సమాధానం చెక్కను బట్టి మారుతుంది.

ప్లైవుడ్ అయితే అగ్గిపుల్లల పద్ధతే మేలు. చవకని తక్కువ చేయాల్సిన పని లేదు, సరిగ్గా చేస్తే ఏళ్లు నిలుస్తుంది. హింజ్ విప్పి, బెజ్జంలోని పొడి ఊది, ఫెవికాల్ నింపి, మందు తీసేసిన అగ్గిపుల్లలు గానీ వెదురు టూత్‌పిక్‌లు గానీ బిగుతుగా పట్టినన్ని దిగగొట్టాలి. పైకి ఉన్నది బ్లేడుతో సమంగా కోసి 24 గంటలు వదిలేయాలి. చాలామంది గంటకే బిగిస్తారు, అందుకే ఊడుతుంది. ఆరాక 2.5 మి.మీ. బిట్‌తో 12 మి.మీ. లోతు బెజ్జం వేసి, 16 మి.మీ. స్క్రూను చేత్తో ఎక్కించాలి. బిట్ చుట్టూ ఆ లోతు దగ్గర టేపు చుడితే బిట్ అవతలికి పోదు. సింక్ కింద అయితే నీటికి తట్టుకునే మెరైన్ రకం జిగురే వాడండి.

లావు స్క్రూ వేయడం తొందరగా అయ్యే పని. ప్లైవుడ్‌లో ఒకసారికి నడుస్తుంది, కానీ దాని తల ప్లేటు గుంటలో పూర్తిగా కూర్చోవాలి, లేకపోతే హింజ్ చేయి సరిగ్గా దిగదు. పొడవు స్క్రూ మాత్రం ప్రమాదం. 18 మి.మీ. తలుపులో 25 మి.మీ. స్క్రూ వేస్తే ముందున్న లామినేట్‌ను పొడుచుకుని బయటికి వస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. రెండు డబ్బాలు ఆనుకున్న చోట, పక్క చెక్క వైపు మాత్రమే పొడవు స్క్రూకి చోటుంటుంది.

చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డులో అగ్గిపుల్లలు నమ్మదగ్గవి కావు, చుట్టూ ఉన్నదే పొడిపొడిగా రాలుతుంది. అక్కడ 10 మి.మీ. బిట్‌తో 12 మి.మీ. లోతు తొలిచి, గట్టి చెక్క బిళ్లను జిగురుతో దిగగొట్టి, అందులో కొత్త బెజ్జం వేయాలి. అంత పని వద్దంటే స్టీలు రిపేర్ ప్లేటు మంచిది. అది పాడైన చోటును దాటి చుట్టూ ఉన్న మంచి బోర్డును పట్టుకుంటుంది. దాని మందం మేర తలుపు జరుగుతుంది కనుక రెండు హింజ్‌లకూ వేసి, పక్క స్క్రూతో సర్దాలి. నీళ్లు తాగి ఉబ్బిన బోర్డుకు మాత్రం ఏ చిట్కా పనిచేయదు. ఆ పక్క చెక్కను మార్చడమే దారి.

హింజ్ ఎప్పుడు మార్చాలి?

చేయి వంగితే, తుప్పు పడితే, స్ప్రింగు చచ్చి తలుపు మూసినచోట నిలవకపోతే మార్చాలి. పాతది విప్పి షాపుకు తీసుకెళ్లండి. కప్పు 35 మి.మీ. అని చెప్తే చాలదు, క్రాంక్ (హింజ్ చేతి వంపు) ఎంతో కూడా చెప్పాలి. తలుపు పక్క చెక్క మందాన్ని మొత్తం కప్పితే జీరో క్రాంక్, ఒకే చెక్కను రెండు తలుపులు పంచుకుంటే ఎయిట్ క్రాంక్, తలుపు డబ్బా లోపలికి కూర్చుంటే సిక్స్‌టీన్ క్రాంక్. ఇది తప్పితే ఏ స్క్రూ తిప్పినా తలుపు కుదరదు. కప్పు రెక్కల స్క్రూ బెజ్జాల దూరం కూడా పాతదానితో కలవాలి, లేకపోతే కొత్త బెజ్జాలు పాతవాటి పక్కనే పడి రెండూ బలహీనమవుతాయి. తలుపు ఎత్తు 900 మి.మీ. దాటి, రెండే హింజ్‌లు ఉంటే మార్చేటప్పుడే మూడోది వేయించండి. కొత్త కప్పు గుంతకు 35 మి.మీ. బిట్, లోతు కొలత కావాలి కాబట్టి ఆ ఒక్క పని వడ్రంగికి అప్పజెప్పడం మేలు.

కడప బండల వంటిల్లు అయితే

బండల మధ్య చెక్క ఫ్రేము, దానికి మామూలు మడత బందులు ఉన్న పాత వంటిళ్లలో తలుపు సర్దడానికి తిప్పే స్క్రూలే ఉండవు. అక్కడ కింది బందు రెక్క వెనక అట్టముక్క పెట్టి బిగిస్తే తలుపు కింది భాగం అవతలికి జరిగి హ్యాండిల్ మూల లేస్తుంది. మందం అర మి.మీ.తో మొదలుపెట్టండి. ఫ్రేములో స్క్రూ పట్టకపోతే బాగు చేసే ముందు ఉలితో పొడిచి చూడండి, లోపల చెద ఉంటే అగ్గిపుల్లలు వృథా. వానాకాలంలో తలుపు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టించకండి. తేమకు ఉబ్బిన చెక్క ఎండాకాలానికి తగ్గుతుంది, ఇప్పుడు కోస్తే అప్పుడు సందు పెద్దదవుతుంది. ఎండాకాలంలోనూ రాసుకుంటుంటే అప్పుడు ఆ అంచును పలచగా చిత్రిక పట్టించి, పచ్చి చెక్క కనిపించిన చోటల్లా అదే రోజు ప్రైమర్, పెయింట్ వేయించండి.